చిన్న ఇల్లు - పెరిగెడి సంసారము

(నెల్లూరు తీరగ్రామముల పంచాయతీ సభ్యులను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ రెండు భారములును పడుచు సంసారము నెత్తిపై ఇంచుమించు ఒక్కసారే వచ్చి పడును. పెండ్లియై రెండు మూడేండ్లు గడచును. చంకకు బిడ్డ వచ్చును. ఉమ్మడి ఇంట చోటు చాలదు. అంతలో ప్రభుత్వ జాబితాలో పేరు వచ్చును, లేదా కూడబెట్టిన సొమ్ముకు తగిన చిన్న ఇల్లొకటి బేరమునకు వచ్చును. అప్పుడా దంపతులు మీ అరుగు మీదికి వచ్చి, "మాకు ఈ ఇల్లు చాలునా మామా? తీసికొనమందురా, వద్దందురా?" అని అడుగుదురు. మీరిచ్చెడి జవాబును బట్టి ఆ బిడ్డలు పదియేండ్లపాటు ఎట్లు బ్రతుకుదురో నిశ్చయమగును. ఆ జవాబు ఎట్లు చెప్పవలెనో మీతో కలిసి ఆలోచించుటకే నేడిచ్చటికి వచ్చితిని.

ముందుగా ఒక మాట. చిన్న ఇల్లు చెడ్డది కాదు. పెద్ద ఇల్లు కట్టి అప్పులపాలైనవారికంటె, చిన్న ఇంట నిశ్చింతగా కాపురము చేసికొనుచున్నవారు మన పల్లెలలో ఎందరో కలరు. అయితే "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అను సామెతయు మనలో ఉన్నది. ఆ సామెత కట్టినవాడు పగలంతయు బయట తిరిగి రాత్రికి ఇల్లు చేరిన మగవాడై యుండును. పగలంతయు ఆ ఇరకటములోనే వండి, ఉతికి, బిడ్డను సాకి, ముసలివారిని కనిపెట్టుకొనియున్న ఇల్లాలిని అడిగియున్నచో, సామెతలో రెండవ సగము ఉండెడిది కాదు. కనుక ఇల్లు చాలునా అను ప్రశ్న వచ్చినపుడు, మొదట ఆమె మాట వినవలెను.

అంకణముల లెక్క

మన నెల్లూరి ప్రాంతమున స్థలమును అంకణములలో కొలుచుట అలవాటు. రెండు దూలముల నడిమి చోటునకు అంకణమని పేరు. ఇంటిలో పుట్టిన కొలత క్రమముగా స్థలమునకు కొలతయైనది. మన లెక్కలో అంకణమనగా 8 చదరపు గజములు, అనగా 72 చదరపు అడుగులు.

2020 డిసెంబరు 25వ తేదీన మన రాష్ట్రమున ప్రారంభమైన ఇండ్ల స్థలముల పంపిణీలో గ్రామములందు ఒక్కొక్క కుటుంబమునకు సెంటున్నర చొప్పున స్త్రీల పేర పట్టాలిచ్చిరి. సెంటున్నర అనగా సుమారు 653 చదరపు అడుగులు, అనగా 9 అంకణములు. అందులో కట్టుటకు నిర్ణయించిన ఇల్లు 340 చదరపు అడుగులు, అయిదంకణములకు కొంచెము తక్కువ. 2024లో ఏర్పడిన ప్రభుత్వము గ్రామములందు 3 సెంట్ల చొప్పున ఇచ్చుటకు నిర్ణయించినది. అది 18 అంకణములు. ఇక కేంద్ర ప్రభుత్వము 2016లో ప్రారంభించిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకములో ఇంటికి వంటచోటుతో కలిపి కనీసము 25 చదరపు మీటర్లు, అనగా సుమారు 269 చదరపు అడుగులు ఉండవలెనన్నారు. అంతకు పూర్వపు ఇందిరా ఆవాస యోజనలో ఈ కొలత 20 చదరపు మీటర్లు మాత్రమే.

ఈ అంకెల వెనుక ఒక లెక్క ఉన్నది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము రెండు గదుల ఇంటిలో ఒక గది 9.5 చదరపు మీటర్లకు, రెండవది 7.5 చదరపు మీటర్లకు తగ్గరాదు. వంటగది 5, స్నానపుగది 1.8, మరుగుదొడ్డి 1.1 చదరపు మీటర్లు ఉండవలెను. అన్నియు కలిపిన 24.9 చదరపు మీటర్లు, అనగా 268 చదరపు అడుగులు. ఇప్పుడు 17 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవుగల ఇంటిని తీసికొందము. విస్తీర్ణము 340 అడుగులు. తొమ్మిదంగుళముల బయటి గోడలే 53 అడుగులను మ్రింగును. లోపలి గోడలకు మరి పది అడుగులు పోవును. మిగిలినది 277. అనగా నియమావళి అడిగినదానికి తొమ్మిదడుగులు మాత్రమే మిగులు. కాబట్టి 340 అడుగుల ఇల్లు రెండు గదులకు చాలుననుట నిజమే. ఆ ఇంటిలో వృథా చేయుటకు జానెడు చోటైనను లేదనుటయు అంతే నిజము.

చాపల లెక్క

అంకెలు అందరికిని తలకెక్కవు. దంపతులను స్థలము మీదికి తీసికొనిపోయి, కర్రతో ఇసుకలో గదులు గీయించుడు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుగల చాపలు పరిపించుడు. నేటికి మూడు చాపలు చాలును. తరువాత పదియేండ్ల నాటి ఇంటిని పరిపించుడు. నేడు ఏడాది పసిపాపగా నున్నది నాటికి పదునొకండేండ్ల పిల్ల. ఆమె తరువాత ఒక తమ్ముడు. ఒంటరియైన నాయనమ్మయు అప్పటికి ఆ ఇంటికే చేరవచ్చును. అయిదు చాపలు, 90 చదరపు అడుగులు. పెట్టెయు, మంచమును, బియ్యపు డబ్బాయు, దండెమును వీని నడుమనే ఇమడవలెను. ఎదిగిన ఆడపిల్ల బట్టలు మార్చుకొను చోటెక్కడ? పదవ తరగతి చదువుకొను పిల్లవాడు దీపము వెలిగించినచో, తెల్లవారుజామున మూడు గంటలకు వేటకు పోవలసిన తండ్రి నిద్రించుచోటెక్కడ? కానుపై వచ్చిన తల్లికి వేరుగా ఒక మూల ఉన్నదా? ఈ ప్రశ్నలకు ఇసుకలోనే జవాబు దొరకవలెను. గోడలు లేచిన తరువాత దొరకదు.

ఒక గదిలో ముగ్గురికి మించి నివసించినచో ఆ ఇల్లు ఇరుకుగా నున్నట్లు లెక్కించవలెనని ఐక్యరాజ్య సమితి ఆవాస విభాగమువారి కొలమానము. ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. క్షయవంటి వ్యాధులు గాలియాడని ఇరుకు గదులలో ఒకరి శ్వాసనుండి మరొకరికి సులభముగా సోకును. పడకగదిలోనే కట్టెలపొయ్యి వెలిగినచో ఆ పొగ పసిబిడ్డల ఊపిరితిత్తులను దెబ్బతీయును. మనది ఉక్కపోతగల తీరప్రాంతము. ఇట్టి ప్రాంతములలో ద్వారములు గాక కిటికీల వైశాల్యమే గది నేలలో ఆరవవంతుకు తగ్గరాదని నియమావళి చెప్పుచున్నది. నూరడుగుల గదికి ఇంచుమించు 17 అడుగులన్నమాట. అవి ఎదురెదురు గోడలలో ఉన్నచో చిన్న గదియు చల్లగా నుండును. ఒకే గోడలో ఉన్నచో పెద్ద గదియు కొలిమివలె నుండును.

గాలియు, నీరును, ఉప్పును

మెట్ట గ్రామమున ఇల్లు వేరు, మన పాలెములలో ఇల్లు వేరు. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుపానులను చూచినవారు ఈ తీరమున ఇప్పటికిని కలరు. 2004 డిసెంబరు 26న సునామి మన తీరమునకును వచ్చినది. 2015, 2021 నవంబరు నెలల వరదలలో జిల్లాలోని పల్లపు ప్రాంతములు నీట మునిగినవి. భారతీయ ప్రమాణముల సంస్థ మన తీరమును గంటకు 180 కిలోమీటర్ల గాలివేగమునకు తట్టుకొనునట్లు కట్టవలసిన ప్రాంతములలో చేర్చినది. పూర్వపు తాటాకు ఇండ్ల చూరు మనిషి వంగి దూరవలసినంత క్రిందికి ఉండెడిది. గాలికి పట్టు దొరకకుండుటకు అదొక ఉపాయము. నేటి రేకుల ఇండ్లకు ఆ వంగిన చూరు లేదు. కావున రేకును దూలమునకు బోల్టులతో గట్టిగా బిగింపవలెను. బరువునకై రాళ్లు పెట్టి ఊరకుండరాదు.

అన్నిటికంటె మోసకారి ఉప్పు. సముద్రపు ఇసుకతో, చవిటి నీటితో కలిపిన కాంక్రీటు కొత్తలో చక్కగానే కనబడును. ఉప్పు లోపలి ఇనుపకడ్డీని తినును. త్రుప్పు పట్టిన కడ్డీ ఉబ్బును. ఉబ్బిన కడ్డీ స్లాబును చీల్చును. బిడ్డ బడికి పోవు వయసు వచ్చునప్పటికి పైనుండి పెచ్చులూడి పడును. ఏటి ఇసుక, మంచినీరు తెప్పించుటకు ఖర్చగును, నిజమే. అయినను ఆ ఖర్చు తగ్గింపదలచినవారు ఒక గదిని తగ్గించుకొనుట మేలు గాని, ఇసుకను మార్చుట మేలు గాదు. పునాది మట్టము సైతము అట్టిదే. ఊరిలోని పెద్దవారిని అడిగి, అచ్చట ఎన్నడైనను నిలిచిన నీటి ఎత్తెంతో తెలిసికొని, అంతకు పైననే నేలమట్టము నిలుపవలెను. సముద్రమునకు మరీ సమీపమున స్థలమున్నచో, 1991లో వెలువడి 2011, 2019లలో సవరింపబడిన తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వుల ప్రకారము అచ్చట కట్టవచ్చునో లేదో ముందే విచారింపవలెను.

వేటయు, అప్పును

ఇల్లు చాలునా అనుటలో జీవనము జరుగునా అను ప్రశ్నయు ఇమిడియున్నది. వేటకు పోవు కుటుంబమునకు వలలు ఆరవేయు చోటు, ఇంజను దాచు చోటు, ఐసుపెట్టె పెట్టు చోటు కావలెను. వలలను, పెట్రోలు డబ్బాను బిడ్డ పడుకొను గదిలో పెట్టిన ఇల్లు ఇల్లు గాదు, అగ్గిపెట్టె. స్థలము రేవునకు నాలుగు మైళ్లున్నచో, అర్ధరాత్రి లేచి పడవను చేరుట ఎట్లు? పడవకు కావలి ఎవరు? ఇట్లు ఆలోచింపక కొత్త కాలనీకి పోయినవాడు కొన్నాళ్లకు ఇంటికి తాళము వేసి రేవువద్ద పాకలోనే కాపురముండును. అప్పుడు ఆ ఇల్లు ఎంత పెద్దదైనను వానికి ప్రయోజనము లేదు.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరబోట్లకు, ఇంజను పడవలకు వేట నిషేధము. కావున పది నెలల ఆదాయముతో పండ్రెండు నెలల వాయిదాలు కట్టవలసియుండును. ఇంటికి చాలని సొమ్ము లక్ష రూపాయలు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో, నెలకు రెండు వేలు వడ్డీకే పోవును. అయిదేండ్లలో లక్షా ఇరువది వేలు చెల్లించినను అసలు లక్ష అట్లే నిలిచియుండును. అట్టి అప్పుతో పెంచిన గది పిల్లల పాలను, పుస్తకములను తిని పెరిగినదే. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ పిదప మన జిల్లాలో పొదుపులక్ష్మి సంఘములు వెలసినవి. ఆ వారసత్వముతో నడచుచున్న పొదుపు సంఘములు నేడు ప్రతి పల్లెలోను ఉన్నవి. ఋణమవసరమైనచో ముందుగా ఆ తలుపు తట్టుడని మీరు చెప్పవలెను. చాలనిచో ఇంటిని కొంత తగ్గించి కట్టుకొనుడని ధైర్యము చెప్పవలెను.

పెరుగగల ఇల్లు

ఇంత దూరము విచారించిన తరువాత నాకు తోచిన సూత్రమొక్కటే. చిన్న ఇల్లు పెరుగగలిగినదైనచో పడుచు సంసారమునకు తగును. పెరుగలేనిదైనచో నేడెంత ముచ్చటగా నున్నను తగదు. సంసారము ఏడాదికేడాది పెరుగును గనుక, ఇల్లును దానివెంట నడువవలెను.

ఈ ఆలోచన కొత్తది గాదు. ఇండోరు నగరమున అరణ్య అను ఆవాసమును వాస్తుశిల్పి బాలకృష్ణ దోషిగారు రూపొందించిరి. అచ్చట పేద కుటుంబములకు స్థలముతో పాటు పునాది, నీటి సదుపాయము, మరుగుదొడ్డి, కొందరికి ఒక గది సమకూర్చి, తక్కినదానిని వారి వారి శక్తికొలది కట్టుకొననిచ్చిరి. 1995లో ఆ ఆవాసమునకు ఆగాఖాన్ బహుమతి లభించినది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున, సముద్రపుటొడ్డున నున్న ఇక్వికే పట్టణములో 2004లో ఇంచుమించు వంద కుటుంబములకు "సగము ఇండ్లు" కట్టిరి. రూపశిల్పి అలెహాంద్రో అరవేనా. మొదట కట్టినది సుమారు 36 చదరపు మీటర్లు. దాని ప్రక్కనే మరి అంత కట్టుకొనుటకు ఖాళీ విడిచిరి. వంటిల్లు, స్నానపుగది, మెట్లు వంటి కష్టమైన భాగములు ప్రభుత్వ ధనముతో ముందే పూర్తిచేసిరి. సులభమైన గదులు కుటుంబముల వంతు.

ఇందు మనము నేర్వవలసినది స్పష్టము. చేతిలోని సొమ్ము మొదట పునాదికి, పిల్లర్లకు, మరుగుదొడ్డికి పోవలెను. పైన మరియొక గది వేయదలచినచో ఆ బరువునకు తగిన పునాదిని నేడే వేయవలెను. వేసిన తరువాత దానిని మార్చుట ఎవరి తరమును గాదు. మెట్లకు చోటు విడువవలెను. ఆ మెట్లు వరదనాడు ప్రాణములను గాచును. మీదికి విడిచిన కడ్డీలను ఉప్పుగాలికి వదలివేయక సిమెంటుతో కప్పి ఉంచవలెను. ఇంటిని స్థలము నడుమ గాక ఒక ప్రక్కకు జరిపి కట్టినచో, రెండవవైపు వసారా దిగును, తరువాత అదియే గదియగును. గోడలలో గూళ్లు, పైన అటక ఉన్నచో నేల మిగులును. సున్నపు పూత, రంగులు, నున్నని బండలు రెండేండ్లు ఆగిననేమి?

అడుగనివారి ఇండ్లు

మీ అరుగు మీదికి వచ్చి అడిగెడివారిని గూర్చియే ఇంతవరకు చెప్పితిని. అడుగుటకు రానివారును కలరు. చేపలు, రొయ్యల గుంటల గట్లమీద కావలియుండు యానాది కుటుంబములు మన తీరమున ఎన్నియో ఉన్నవి. వంగి దూరవలసిన గుడిసెలో నలుగురైదుగురు తల దాచుకొందురు. పని మారినచో గుడిసెయు మారును. పట్టా లేదు, కొన్ని కుటుంబములకు కాగితముమీద పేరే లేదు. యానాదుల సేవకై జీవితమును ధారపోసిన శ్రీ వెన్నెలకంటి రాఘవయ్యగారు మన నెల్లూరివారే. ఆయన పుట్టిన సీమలో ఒక్క యానాది కుటుంబమైనను జాబితాకు ఎక్కకుండుట మనకు గౌరవము గాదు. ఈ చిన్న ఇల్లు వారికి చాలునా అని తర్కించుటకు ముందు, వారికి నిలుచు చోటును చూపవలెను. గ్రామసభకు వారు రారని ఊరకుండక, గట్టుమీదికి మీరే పోవలెను.

పంచాయతీ వంతు

ఇంటి చాలుబడిలో సగము గోడల లోపల ఉండును, సగము బయట ఉండును. ఆ రెండవ సగము మీ చేతిలో నున్నది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమున పారిశుద్ధ్యము, మురుగుకాలువలు, వీధిదీపములు, మంచినీరు మీ విధులుగా నున్నవి. ఒక్క ఉదాహరణము చెప్పెదను. మరుగుదొడ్డి గుంతకును మంచినీటి బోరునకును నడుమ కనీసము 10 మీటర్లు, అనగా 33 అడుగులు ఉండవలెనందురు. మన ఇసుక నేలలలో ఇంకను ఎక్కువ ఉండుట క్షేమము. సెంటున్నర స్థలము సుమారు 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవుండును. అట్టిచోట ఇంటికొక బోరు, ఇంటికొక గుంత త్రవ్వుకొన్నచో ఎవరి నీరు ఎవరి గుంతకు దూరముగా నుండగలదు? కాబట్టి చిన్న స్థలముల కాలనీలో మంచినీరు ఇంటి యజమాని ఒక్కనివలన అగునది కాదు. ఊరి యెగువనుండి పంచాయతీయే కుళాయిలు తేవలెను. వీధిలో నీరు నిలువక పోవునట్లు కాలువ తీయవలెను. కాన్పు నొప్పులు వచ్చిననాడు వాహనము గుమ్మము వరకు వచ్చునంత దారి విడువవలెను. ఇరుకింటి పిల్లలు ఆడుకొనుటకు, చదువుకొనుటకు ఒక చెట్టునీడ, ఒక దీపముగల చావడి ఉన్నచో ఇంటికి మరియొక గది చేర్చినంత ఫలము.

ఇక దంపతులు అడిగిననాడు మీరు ఈ అయిదు సంగతులు విచారించుడు. వాననీరు నిలువని నేలయేనా? పదియేండ్ల చాపలు పరచిన తరువాతను నడుచుటకు దారి మిగిలినదా? మరియొక గదికి ప్రక్కనో పైననో చోటున్నదా? పనికి, బడికి, వైద్యశాలకు పోవు దూరము సాధ్యమైనదా? వేట లేని రెండు నెలలలోను వాయిదా కట్టగలరా? అయిదింటికిని సరియను జవాబు వచ్చినచో, ఇల్లు చిన్నదని సంకోచింపక తీసికొనుడని చెప్పుడు. చోటు ఇరుకైనను పెరుగుటకు వీలున్నచో, ఏ యేడు ఏమి చేర్చవలెనో వారిచేతనే ఒక కాగితముపై వ్రాయించుడు. నేల ముంపుదైనచో, లేదా అప్పు తీరనిదైనచో మాత్రము, అది ఉచితముగా వచ్చినను వలదని నిష్కర్షగా చెప్పుడు. చెప్పి ఊరకుండక, మెరకనేల సంపాదించుటకు మీరే గ్రామసభలో తీర్మానము పెట్టించుడు.

వలదనుట సులభము గాదు. సొంత గుమ్మము కావలెనని ఎంతకాలమునుండియో ఎదురుచూచిన ఇల్లాలి ముఖము చూచుచు ఆ మాట అనుటకు గుండె దిటవు కావలెను. అయితే రేపు ముంపులో బిడ్డను ఎత్తుకొని బడి మేడకు పరుగెత్తవలసినది ఆమెయే. ఆ కష్టము ఆమెకు రాకుండ నేడే చెప్పగలవాడే ఊరికి పెద్ద.

పదియేండ్ల తరువాత మీ ఊరి కొత్త వీధిలో నడచిపోవునపుడు, రెండు గదులుగా మొదలైన ఇండ్లు మూడు గదులై, వసారాలో ఆడపిల్లలు పుస్తకములు చదువుకొనుచు కనబడవలెను. ఆ దినమునకు కావలసిన పునాదులు నేటి మీ సమావేశములలోనే పడవలెనని కోరుచున్నాను.